ఎవరూ ఆమేన్ అనని ప్రార్థన

మా అక్కను ప్రభువు బల్ల నుంచి ఆపిన నెలలో ఉదయగిరి వైపు ఎండలు బండలు పగిలేలా కాశాయి. ఆపడానికి మూలం నేను ఆత్మకూరు నాస్తిక సభలో అడిగిన ఒక ప్రశ్న. దాన్ని నేను జవాబు కోసం అడగలేదు, ఎదుటివాళ్ళ నోరు మూయించడానికి అడిగాను. వాదాల్లో పెరిగినవాడికి ప్రశ్న అంటే చేతికర్ర. మా అక్క మాత్రం దాన్ని ప్రశ్నగానే తీసుకుంది.

ప్రభువు బల్ల సంగతి తెలియనివాళ్ళు ఉంటారు. బాప్టిస్టు సంఘాల్లో నెలనెలా మొదటి ఆదివారం రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం పంచుకుంటారు. నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే అది దక్కుతుంది. తప్పు చేశారని సంఘం తేల్చినవాళ్ళను వెనక బెంచీలో కూర్చోబెడతారు. ఇంకా బాప్తిస్మం తీసుకోని పిల్లలు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ అది. తిట్టరు, జరిమానా వేయరు. పళ్ళెం ఆ బెంచీ దాకా రాదు, అంతే. ఊరంతా చూస్తుండగా రాదు. ఏ రచ్చబండ తీర్పుకూ ఆ పదును ఉండదని నా అభిప్రాయం.

ఆత్మకూరు సభకు ముందు వారం టీవీల్లో ఒక వార్త ఊరేగింది. ఎక్కడో దూరాన ఒక ఎర్రటి చిన్న నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం ఉంది. దాని గాలిలో ఒక వాయువు జాడ కనపడినట్టుందని కొందరు శాస్త్రవేత్తలు అన్నారు. మన భూమి మీద ఆ వాయువు ఎక్కువగా సముద్రంలోని నాచువంటి సూక్ష్మజీవుల వల్ల పుడుతుంది. కాబట్టి అక్కడా జీవం ఉండవచ్చునేమో, ఇంకా చూడాలి అన్నారు. ‘నట్టుంది’, ‘వచ్చునేమో’, ‘ఇంకా చూడాలి’, ఈ మూడింటినీ స్టూడియోలో కోసి పారేసి, మిగిలిన ముక్కకు పెద్ద తలకాయలు, పచ్చటి ఒళ్ళు అతికించి చూపించారు. మర్నాడు ఒక పంచాంగం ఆయన ఆ జీవులది ఏ రాశో చెప్పాడు. ఆ మర్నాడు ఒక ప్రసంగీకుడు ఫోన్ వీడియోలో అవి పరలోకం నుంచి తోసేసిన దూతలని తేల్చాడు. ఒకడికి రాశి దొరికింది, ఇంకొకడికి దయ్యం దొరికింది. పాపం, వెతుకుతున్నవాళ్ళకు మాత్రం ఇంకా ఏమీ దొరకలేదు.

నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండినప్పుడు సభ పెట్టడం తప్ప నాకు వేరే మందు తెలియదు.

ఆ సాయంత్రం నేను బాగానే మాట్లాడాననుకుంటాను. నక్షత్రం ముందు నుంచి గ్రహం దాటుతున్నప్పుడు దాని అంచున ఉన్న గాలిలోంచి కాస్త వెలుగు వడకట్టుకుని వస్తుందనీ, ఆ వెలుగులో ఏ రంగు తగ్గిందో చూసి అక్కడి గాలిలో ఏముందో ఊహిస్తారనీ చెప్పాను. అంగారకుడి మీద ఎండిపోయిన ఏటి దారిలో ఒక బండి రాళ్ళు గోకుతోందని చెప్పాను. ఎండిన ఏరు ఎలా ఉంటుందో మా మెట్టవాళ్ళకు వర్ణించి చెప్పనక్కరలేదు. ఒకప్పుడు నీళ్ళు పారిన చోట ఒకప్పుడు ఏదైనా బతికి ఉండవచ్చుననే ఆశ కూడా వాళ్ళకు కొత్త కాదు. పెద్ద పెద్ద గిన్నెల్లాంటి ఆంటెన్నాలు పెట్టి ఆకాశాన్ని వింటున్నారనీ, ఇప్పటిదాకా ఎవరూ పలకలేదనీ చెప్పాను.

చివరికి వచ్చేసరికి పాత అలవాటు లేచింది. గొంతు పెంచాను.

“ఆ గ్రహం తిరిగే నక్షత్రం కోపిష్టిది. అలాంటి నక్షత్రాలు ఉండుండి మంటలు కక్కుతాయి. ఇవాళ మనకు కనపడే దాని వెలుగు మన తాతలు పుట్టకముందు బయలుదేరింది. అక్కడ నాచే ఉందనుకుందాం, ఈపాటికి మాడిపోయి ఉండవచ్చు. దాని కోసం ఏ గుళ్ళో అర్చన జరిగింది? ఏ మసీదులో దువా చేశారు? ఏ చర్చిలో ప్రార్థన పెట్టారు? లోకాలన్నీ మా దేవుడివే అంటారే, ఆ లోకం ఎవరికైనా గుర్తొచ్చిందా?”

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో చివరి వరసలో కూర్చుని చేతులు కదపని ఒక మనిషి కనపడింది. కొత్త కళ్ళజోడు పెట్టుకున్న మా అక్క.

మా అక్క ఉదయగిరి దగ్గర మా సొంత పల్లెలోనే ఉంటుంది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయింది. ఆ చుట్టుపక్కల నడివయసు వాళ్ళలో చాలామంది మొట్టమొదట ఏడ్చింది ఆమె చేతుల్లోనే. ఆమె నా సభలకు రాదు, నేను ఆమె చర్చికి వెళ్ళను. ఇది మా మధ్య ఏనాడో కుదిరిన రాజీ. ఆ రోజు కళ్ళజోడు కోసం ఆత్మకూరు వచ్చి, బస్సుకు ఇంకా సమయం ఉండడంతో ఫ్యాను కింద కూర్చుందామని హాల్లోకి వచ్చిందట.

బస్టాండుకు నడుస్తూ అడిగాను. “కళ్ళజోడు ఎట్టుండాదక్కా?”

“బాగుండాది. నీ నెత్తిన ఎంటికలు ఎన్ని మిగిలినాయో ఇవాళే తెలిసింది.” రెండడుగులు వేసి అంది. “ఆ నాచు నిజంగా మాడిపోయుంటదంటావా?”

“అసలుండాదో లేదో కూడా తెలీదక్కా. ఊరికే మాట వరసకు అన్నాను.”

“అయితే ఉండను కూడా ఉండొచ్చు.”

“ఉండొచ్చు.”

“పాపం” అంది అక్క. ఉదయగిరి బస్సు వచ్చింది. ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ ‘పాపం’ అనే మాటను నేను పట్టించుకోలేదు. దారిలో కుంటి మేకను చూసినా అక్క అలాగే అంటుంది.

వాళ్ళ చర్చిలో బుధవారం మధ్యాహ్నం స్త్రీల సమాజం జరుగుతుంది. ఆడవాళ్ళు చాపల మీద చుట్టూ కూర్చుంటారు. ఒకరు రోగుల కోసం, ఒకరు వాన కోసం, ఒకరు పరీక్షలు రాసే పిల్లల కోసం, ఒకరు దేశాన్ని పాలించేవాళ్ళ కోసం ప్రార్థన చేస్తారు. ప్రతి ప్రార్థన చివరా అందరూ కలిసి ఆమేన్ అంటారు. అప్పుడే అది అందరి ప్రార్థన అవుతుంది. ఈ పద్ధతి చాలా చోట్ల ఉంది. మా ఊళ్ళో మాత్రం అన్నిటికన్నా చివర ఇంకొకటి ఉంది: ‘ఎవరూ తలవనివాళ్ళ’ ప్రార్థన. పేరు తెలియని బాటసారులు, జైళ్ళలో ఉన్నవాళ్ళు, వెనక ఏడ్చే దిక్కు లేకుండా పోయినవాళ్ళు, వీళ్ళందరూ దాని కిందికి వస్తారు. ఒక కరువు ఏట ఊళ్ళోకి వచ్చి పడిపోయిన, పేరు కూడా చెప్పలేకపోయిన ఒక మనిషి కోసం ఇది మొదలైందని మా అవ్వ చెప్పేది. ఆసుపత్రి పనిలో చేరిన నాటి నుంచి ఆ ప్రార్థన మా అక్కదే.

ఆ బుధవారం అక్క ఎప్పటిలాగే బాటసారులనూ జైళ్ళలో ఉన్నవాళ్ళనూ తలచుకుని, చివర ఇలా అందట. “ప్రభువా, ఆ ఎర్ర నక్షత్రం కాడ నువ్వు చేసిన ప్రాణం ఏదన్నా ఉంటే, దాన్ని కూడా కాపాడు. ఈడ దాన్ని తలిచేవాళ్ళు ఎవరూ లేరంట.”

ఎవరూ ఆమేన్ అనలేదు.

మొదట ఒకామె కిసుక్కున నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎవరి చెంగు వాళ్ళు సర్దుకుని లేచారు. సాయంత్రానికి ఊరంతా పాకింది. మరునాటికి దానికి కాళ్ళూ చేతులూ వచ్చాయి: నాస్తికుడు తమ్ముడు అక్కను పాడు చేసినాడు, ఆమె ఆకాశంలోని దయ్యాలకు ప్రార్థన చేసింది, స్త్రీల సమాజంలో ఇక ఏమేం వినాల్సి వస్తుందో. ఆ వారం మోకాళ్ళ నొప్పులని చెవిటి అవ్వ ఒకామె కూటానికి రాలేదట. “ఆ అవ్వ వచ్చుంటే ఈ గొడవే లేదురా” అని అక్క తర్వాత నాతో నవ్వింది. “ఆమెకు ఏమీ వినపడదు. ఎదుటివాళ్ళ నోరు ఆగితే చాలు, ఆమేన్ అనేస్తుంది.”

కానీ ఫోన్ చేసిన రోజు నవ్వలేదు. “పెద్దలు పిలిచినారురా. తప్పని ఒప్పుకోకపోతే బల్లకు రానీరంట” అంది. ఆ గొంతు నేను ఎరుగుదును. మా నాయన పోయిన రోజు విన్నాను.

మరునాడు పొద్దునే బయలుదేరి వెళ్ళాను. దారి పొడుగునా బస్సు కిటికీ పక్కన కూర్చుని ఉపన్యాసం తయారు చేసుకున్నాను. సంఘ పెద్దల ముందు ఏమేం విసరాలో, వాళ్ళ పుస్తకంలోంచే ఏవి తీయాలో, ఏ మాట దగ్గర ఆగి చుట్టూ చూడాలో కూడా ఆలోచించుకున్నాను. ఉదయగిరి దుర్గం కొండ కనపడే వేళకు వాళ్ళందరినీ ఓడించేశాను.

అక్క వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

“పెద్దలు ఏం చెప్పమంటున్నారు?” అన్నాను.

“సులువైందే చెప్పినారు. మా తమ్ముడి మాటలు విని పొరబడినాను అనాలంట. అంతే. ఆదివారం అందరి ముందర ఆ ఒక్క మాట అంటే, ఆ రోజే బల్లకు రావచ్చంట.”

“అనేసెయ్. నా మీద వేసెయ్. నాకేం పోతుంది? నన్ను తిట్టనోళ్ళెవరు ఈ చుట్టుపక్కల?”

“నీకేం పోదులే.” గింజ తీసి చాటలో వేసింది. “నువ్వు చెప్పింది నిజమని నేను ప్రార్థించలేదురా. నువ్వే అన్నావు గదా, ఉండాదో లేదో తెలీదని. తెలిసినోళ్ళకు ప్రార్థించేదానికి ఊరంతా ఉండాది. నా వంతు ఎవరూ తలవనోళ్ళది. నీ ప్రశ్న విన్నాక, అందరికంటే ఎక్కువగా ఎవరూ తలవంది అదే అనిపించింది. పొరబాటు యాడుండాది ఇందులో?”

“అయితే ఆ చర్చికి దండం పెట్టి బయటికి రా. నేను రాలేదా?”

అక్క నా వైపు చూసింది. “నీకు అది తలుపు. బయటికి పోయినావు. నాకు అది ఇల్లు. బాప్తిస్మం అయిన కాడి నుంచి ఒక్క మొదటి ఆదివారం కూడా తప్పలేదు. డ్యూటీలో ఉన్నా కాన్పుకూ కాన్పుకూ మధ్యలో పరిగెత్తి పోయినాను. నేనెందుకు పోవాల బయటికి?”

బస్సులో తయారు చేసుకున్న ఉపన్యాసంలో ఈమె లేదు. అందులో పెద్దలు ఉన్నారు, నేను ఉన్నాను, చప్పట్లు ఉన్నాయి.

ఆ సాయంత్రం చర్చిలోనే పెద్దలు కూర్చున్నారు. నేను కూడా రావాలని పాస్టరు కబురు పెట్టాడు. జలదంకి వైపు నుంచి ఆ మధ్యనే వచ్చిన యువకుడు ఆయన, నెమ్మదస్తుడు. మాట పెత్తనం మాత్రం సంఘ పెద్దల్లో ముఖ్యుడైన డీకనుది. ఆ డీకను రిటైరైన హెడ్మాస్టరు. మా ఇద్దరికీ దేవుడి విషయంలో వాదాలు టీ కొట్ల దగ్గరా, పెళ్ళి పందిళ్ళలో, ఒకసారి శ్మశానం గేటు దగ్గర కూడా జరిగాయి. ఏదీ తెగలేదు.

“రావయ్యా నాస్తికుడా” అన్నాడు నన్ను చూసి. “చర్చి గడప దాటితే కాళ్ళు కాల్లేదా?”

“ఎండకు మెట్టు కాలింది మాస్టారూ. గడప చల్లగానే ఉండాది.”

అక్క చాప మీద కూర్చుంది. నన్ను బెంచీ మీద కూర్చోమన్నారు. డీకను నవ్వు ఆపేసి ఆమెను సూటిగా అడిగాడు.

“సిస్టరమ్మా, ఆడ ఉంటే ఏముంటదంట? నాచంట, క్రిములంట. మనం బ్లీచింగ్ పౌడరు జల్లి చంపేదాని కోసం దేవుని సన్నిధిలో ప్రార్థనా? ఇవాళ దానికి చేస్తివి, రేపు దోమలకు చేస్తావా?”

ఎవరో నవ్వారు. అక్క కూడా కొంచెం నవ్వింది. “దోమలను తలిచేవాళ్ళు శానామందే ఉండారు మాస్టారూ, రాత్రంతా.”

డీకను మొహంలో నవ్వు రాబోయి ఆగింది. తర్వాత ఆయన అన్న మాట మాత్రం తేలిక మాట కాదు. నేను ఆయన్ను ఎన్నోసార్లు ఎగతాళి చేశాను గానీ, ఆ మాటను చేయలేను. “ప్రభువు సిలువ మీద ప్రాణం పెట్టింది మనుషుల కోసం. ఆ రక్తానికి ఒక విలువుండాది. ఉండాదో లేదో తెలియని దాన్ని కూడా తెచ్చి ఆయన ముందర పెడితే, ఆ చావును పలచన చేసినట్టు కాదా తల్లీ?” నమ్మిన మనిషి భయం అది.

“నేను దానికి రక్షణ అడగలేదు మాస్టారూ. కాపాడమని అడిగినాను. వాన అడిగేటప్పుడు గట్టు మీది గడ్డి తడవకూడదని అడుగుతామా?”

పాస్టరు నా వైపు తిరిగాడు. “అన్నా, మిమ్మల్ని పిలిచింది ఒకే ఒక్క మాట కోసం. ఆడ ప్రాణం ఉండాదా, లేదా? మీరు చదివినోళ్ళు. రెండింటిలో ఏదో ఒకటి చెప్పండి.”

నేను లేచి నిలబడ్డాను. అది నాకు అలవాటు. ఉంది అంటే, టీవీ వాడు చెప్పిన అబద్ధం నేను చెప్పినట్టు. ఆమె ప్రార్థనకు అప్పుడు ఆధారం దొరుకుతుంది, దొంగ ఆధారం. లేదు అంటే ఇంకో అబద్ధం. ఆమె ప్రార్థించింది శూన్యానికని తేలిపోయి, పొరబాటు ఒప్పుకుని బల్ల దగ్గరికి పోవచ్చు. రెండు అబద్ధాలూ సభలో బాగా పలుకుతాయి. మిగిలిన మూడో మాట సభలో పలకదు. వాదాల్లో నా గురువులు ఆ మాటను ఎదుటివాడి చేత అనిపించమని నేర్పారు, మనం అనమని కాదు.

“తెలియదు” అన్నాను.

డీకను బెంచీ మీద అరచేత్తో కొట్టాడు. “విన్నారా! ఇన్నేళ్ళకు ఈయన నోట ఈ మాట! రాసుకోండయ్యా!”

“రాసుకోండి మాస్టారూ. నాకే కాదు, దుర్భిణీ పట్టుకుని చూస్తున్నవాళ్ళకూ తెలియదు. ఉందని తెలిసి వెతకడం లేదు. లేదని తెలిస్తే వెతకరు. తెలియదు కాబట్టే వెతుకుతున్నారు. తెలుసని చెప్పేవాళ్ళు టీవీలో ఉన్నారు, పంచాంగం చేతిలో పట్టుకుని ఉన్నారు. వాళ్ళ మాట మీద మా అక్క ప్రార్థించలేదు. నా మాట మీదా ప్రార్థించలేదు. ఆ నింద నా మీద వేసుకోవడానికి నేను సిద్ధంగానే వచ్చాను. కానీ అది నిజం కాదు.”

ఇంకా చాలా అనాలని ఉంది. అక్క నా వైపు చూస్తోంది. కూర్చున్నాను.

అప్పుడు అక్క, పెద్దలతో కాకుండా నాతో మాట్లాడుతున్నట్టు అంది. “ఏటి గట్టున కూడా నువ్వు ఇదే మాట గదరా చెప్పినావు.”

మా చిన్నప్పటి సంగతి అది. ఆ ఏట చెరువులన్నీ ఎండిపోయి, బాప్తిస్మానికి నీళ్ళు లేక, మమ్మల్ని సంగం దగ్గర పెన్న ఒడ్డుకు తీసుకుపోయారు. అక్క నీళ్ళలో మునిగి లేచింది. నా వంతు వచ్చినప్పుడు నేను పొడి తువ్వాలు పట్టుకుని గట్టు మీదే నిలబడిపోయాను. ఎందుకు దిగవు అని అప్పటి పాస్టరు అడిగితే, “తెలియని దాన్ని తెలుసని చెప్పి మునగలేనయ్యా” అన్నాను. ఆ పొడి తువ్వాలు అక్కకు ఇచ్చాను, తల తుడుచుకుంది. ఒకే నీటి దగ్గర నుంచి ఇద్దరం రెండు దారులు పట్టాం. తర్వాత నేను చాలా తెలిసినవాణ్ణి అయ్యాను. వేదికలు మనిషిని అలా చేస్తాయి.

“మాస్టారూ” అంది అక్క డీకనుతో. “కడుపు మీద చెక్క గొట్టం పెట్టి బిడ్డ గుండె వినేదాన్ని. ఒక్కోసారి ఏమీ వినపడదు. తల్లి నా మొహంలోకి చూస్తుంటది. ఉండాదని చెప్పకూడదు. లేదని అసలే చెప్పకూడదు. గొట్టం కాస్త పక్కకు జరిపి మళ్ళీ వినాల. అట్టా వింటా వింటానే ప్రార్థించేదాన్ని. ఉందో లేదో తేలినాక ప్రార్థిద్దామని కూర్చోలేదు. ఇది కూడా అంతే. నాకు వేరే విధంగా చేతకాదు.”

ఆ పెద్దల్లో ఒకరిద్దరి గుండె చప్పుడు కూడా ఆ గొట్టంలోంచి మొదట ఆమే విని ఉంటుంది. అయినా సంఘం సంఘమే. తప్పని అనలేదు కాబట్టి ఈ నెల బల్ల లేదని తీర్మానించారు. ఆ తర్వాత ఎప్పుడు ఆ మాట అంటే అప్పుడు రావచ్చునన్నారు. పాస్టరు తల వంచుకుని చదివాడు. అక్క లేచి చాప దులిపి చుట్టి, గోడకు ఆనించి బయటికి వచ్చింది.

మొదటి ఆదివారం నేను చర్చికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళావని నా మిత్రులు తర్వాత అడిగారు. వెనక బెంచీలో పిల్లల మధ్య అక్క ఒక్కతే కూర్చోవడం నేను ఊహించుకోలేకపోయాను. అంతకు మించిన సిద్ధాంతం నా దగ్గర లేదు.

నన్ను చూసి జరిగి చోటిచ్చింది. “ఏంది నువ్వు? మారిపోయినాడనుకుంటారురా.”

“అనుకోనీ. ఈ బెంచీ నాలాంటోళ్ళదే గదా.”

తెల్లటి గుడ్డ పరిచిన బల్ల మీద నుంచి పళ్ళాలు లేచాయి. రొట్టె పళ్ళెం ఒకరి చేతిలో, గ్లాసుల పళ్ళెం డీకను చేతిలో. ఆడవాళ్ళ చాపల వరసలు ఒక్కొక్కటే దాటుకుంటూ మా ముందు వరస దాకా వచ్చాయి. ఆ వరస చివర డీకను ఆగి, మా బెంచీ వైపు చూడకుండా వెనక్కు తిరిగాడు. గ్లాసులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వినపడింది. నేను పక్కకు చూశాను. అక్క రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా తెరుచుకుని ఉన్నాయి. ఆమె తెరిచినట్టు లేదు. ఇన్నేళ్ళుగా ఆ వేళకు అవి అలా తెరుచుకోవడం నేర్చుకున్నాయి. కాసేపటికి ఆమెకు తెలిసింది. మెల్లగా మూసుకుంది.

నా జీవితంలో చాలా అన్యాయాలకు అరిచాను. దీనికి అరవలేకపోయాను. అరిచే హక్కు ఆమెది.

బల్ల అయిపోయాక పాస్టరు, ఎవరైనా ప్రార్థించాలనుకుంటే ప్రార్థించవచ్చునన్నాడు. ముందు వరసలోంచి ఒకాయన వాన కోసం చేశాడు. ఆమేన్ అన్నారు. ఒకామె ఆసుపత్రిలో ఉన్న కోడలి కోసం చేసింది. ఆమేన్ అన్నారు. తర్వాత నా పక్కన బెంచీ కిర్రుమంది. అక్క లేచి నిలబడింది. ఏం జరగబోతోందో అందరికీ తెలుసు. ఊరుకుంటే పెద్దలు మరో నెలకో రెండు నెలలకో మెత్తబడేవాళ్ళేమో. మళ్ళీ ఆ మాట అంటే ఇక ఎన్నాళ్ళు ఈ బెంచీలోనో చెప్పలేం. ఆ సంగతి అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

“ప్రభువా, ఎవరూ తలవనివాళ్ళను నీకు అప్పగిస్తున్నాను. దారిలో ఉండేవాళ్ళను, జైళ్ళలో ఉండేవాళ్ళను. ఆ ఎర్ర నక్షత్రం కాడ ప్రాణం ఉండాదో లేదో మాకు తెలీదు. మా తమ్ముడికీ తెలీదు. నీకు తెలుసు. ఉంటే దాన్ని కాపాడు. లేకపోతే మా మీద కోపగించుకోబాక. వెతికేవాళ్ళకు ఓపిక ఇయ్యి.”

ఆగింది. నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ప్రార్థనతో ఒక దుమ్ము రేణువు కూడా కదలదని ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా నా అభిప్రాయం. ఆ మాట మీద ఎవరితోనైనా వాదిస్తాను. కానీ ఆకాశం వైపు చెవి పెట్టి కూర్చున్నవాళ్ళు వినేది ఎలాంటి నిశ్శబ్దమో నాకు అక్కడ తెలిసింది. పలకకపోవడం లేకపోవడం కాదు. ఉన్నదనడానికి గుర్తూ కాదు. ఆ రెంటి మధ్యలో అబద్ధం ఆడకుండా నిలబడడం ఎంత కష్టమో, నా పక్కనే అలా నిలబడిన మనిషిని చూస్తే తెలిసింది. నేను ఆమేన్ అనలేను. నమ్మని మాట అంటే, అంతవరకూ మేమిద్దరం నిలబెట్టుకున్నది పోతుంది. లేచి ఆమె పక్కన నిలబడ్డాను.

అప్పుడు గోడ వారగా కాళ్ళు చాపుకుని కూర్చున్న చెవిటి అవ్వ తల ఎత్తి, అక్క పెదాలు ఆగిపోయాయని చూసుకుని, చర్చి పైకప్పు అదిరేలా అంది.

“ఆమేన్!”

పిల్లలు పకపకా నవ్వారు. ఒకరిద్దరు ఆడవాళ్ళు అలవాటు చొప్పున వెంటనే ఆమేన్ అనేసి నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. ఇంకొకామె మాత్రం అడ్డం పెట్టుకోలేదు. డీకను పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. పాస్టరు ఆశీర్వాదం చెప్పాడు.

తర్వాత పెద్దలు మళ్ళీ కూర్చున్నారట. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. స్త్రీల సమాజంలో చివరి ప్రార్థన మా అక్క దగ్గర నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చారు. అది ఆమెకు మామూలు దెబ్బ కాదు. ఇప్పటికీ బుధవారం సాయంత్రాలు ఫోన్‌లో గొంతు కొంచెం తగ్గి ఉంటుంది. అయితే తప్పు ఒప్పుకోమని మళ్ళీ ఎవరూ అడగలేదు. మరుసటి మొదటి ఆదివారం ఆమె తన చాప మీదికి పోయి కూర్చుంది. డీకను పళ్ళెం పట్టుకుని వచ్చి ఆమె ముందు ఆగాడు. గ్లాసు అందుకుంటుంటే వంగి నెమ్మదిగా అన్నాడట. “దోమల సంగతి మాత్రం ఎత్తబాక తల్లీ.”

ఆ మధ్యాహ్నమే అక్క ఫోన్ చేసి ఇదంతా చెప్పింది. చెప్పి, “నువ్వు రాలేదే?” అంది.

“నువ్వు ముందుకు పోయినాక వెనక బెంచీలో నాకేం పని?”

“ఖాళీగా ఉండాదిలే. ఎప్పుడన్నా రా, ఫ్యాను దాని మీదే ఉండాది.”

అప్పుడు చెప్పాను. ఆ గ్రహం వార్త మీద వేరే శాస్త్రవేత్తలు అనుమానాలు లేవదీశారు. అదే వెలుగును వాళ్ళు ఇంకో విధంగా లెక్కగట్టి చూస్తే ఆ వాయువు జాడ నిలవడం లేదట. ఉండవచ్చు, లేకపోనూవచ్చు. టీవీలు ఈ సంగతి చెప్పలేదు. ‘తెలియదు’ అనే మాటకు బొమ్మ గీయడం వాళ్ళకు రాదు.

అక్క అడిగింది. “మళ్ళీ వింటారా?”

“వింటారక్కా. ఇంకా పెద్ద దుర్భిణీలతో మళ్ళీ చూస్తారు.”

“అయితే సరే” అంది. “గొట్టం పక్కకు జరిపినారన్నమాట.”